కొత్తగా చెట్టెక్కే కుర్రాళ్ళకి ముందు ఏ ముడులు నేర్పాలి?

ఉద్దానం తోట (కవిటి, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. అక్టోబరు దగ్గర పడుతోందంటే మా వైపు అందరి చూపూ చెట్ల మీదే ఉంటుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ఇళ్ళ మీదకి వాలిన పనస, చింత, మామిడి కొమ్మలు అంతకుముందే తీయించుకోవాలని అందరికీ ఉంటుంది. ఎక్కేవాళ్ళే దొరకడం లేదు. పాతవాళ్ళకి వయసైపోయింది, కుర్రాళ్ళు చాలామంది వలస వెళ్ళిపోయారు. ఊళ్ళో మిగిలినవాళ్ళలో కొందరు, అందులో ఇద్దరు అమ్మాయిలు కూడా, నేర్చుకుంటామని ముందుకొచ్చారు.

చందాలు వేసుకుని 12 మి.మీ. స్టాటిక్ (పెద్దగా సాగని) తాడు, రెండు హార్నెస్‌లు (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీలు), లాక్ ఉన్న కారాబైనర్లు (తాడు తగిలించే కొక్కేలు), హెల్మెట్లు కొన్నాం. నాకు తాడు పని తెలుసు. నేర్పడం మాత్రం ఇదే మొదలు. వీడియోల్లో చూస్తే ఇరవై ముప్పై ముడులు చూపిస్తున్నారు. పొద్దున చూపించింది సాయంత్రానికి ఒకదాంతో ఒకటి కలిపేస్తున్నారు పిల్లలు. ముందు ఏవి నేర్పాలి? ఎన్ని? కొబ్బరి సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి, కొమ్మలున్న చెట్ల గురించే అడుగుతున్నాను.

కొమ్మల పని (విజయనగరం)

తమ్ముడూ, నాలుగు చాలు. ఆ నాలుగూ చేతికి వచ్చేదాకా ఐదోది చూపించకు. అడిగినా చూపించకు.

ముడి పేరుతో మొదలుపెట్టకుండా, అది చేసే పనితో మొదలుపెట్టు. హార్నెస్‌కి తాడు కట్టుకోవడానికి ఒకటి. ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడు తాడుని పట్టి ఆపడానికి ఒకటి. కొస జారిపోకుండా ఆపడానికి ఒకటి. రంపం పైకి పంపించుకోవడానికి ఒకటి.

హార్నెస్‌కి ఫిగర్ ఎయిట్ నేర్పు. తాడుని ఎనిమిది అంకెలా తిప్పి, కొసని హార్నెస్ కంట్లోంచి పోనిచ్చి, వచ్చిన దారినే వెనక్కి నడిపించాలి. సరిగ్గా పడితే ముడిలో ఎక్కడ చూసినా రెండేసి తాళ్ళు జంటగా పక్కపక్కనే ఉంటాయి. ఎక్కడైనా ఒంటిగా కనిపించిందంటే తప్పు పడినట్టే. కొస కనీసం జానెడు మిగలాలి. దీన్ని ముందు నేర్పమనడానికి కారణం ఇదే: కట్టినవాడే కాదు, పక్కవాడు కూడా ఒక్క చూపులో తప్పు పట్టగలడు.

పట్టి ఆపడానికి బ్లేక్స్ హిచ్. కొసని ఎక్కే తాడు చుట్టూ కింది నుంచి పైకి నాలుగు చుట్లు వేయాలి. తరవాత కొసని కిందకి తెచ్చి, హార్నెస్ నుంచి వచ్చే తాడు మీదుగా దాటించి, ఎక్కే తాడు వెనక నుంచి తిప్పి, కింది రెండు చుట్ల లోపలి నుంచి బయటికి లాగాలి. కొస ఈ దారి తప్పితే చూపుకి బ్లేక్స్ లాగే ఉంటుంది, బరువు పడ్డాక విప్పుకుపోతుంది. చాలా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. కొసకి తప్పనిసరిగా కొసముడి ఉండాలి. దానికి ఫిగర్ ఎయిటే ఒంటి తాడు మీద వేస్తే సరిపోతుంది, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

రంపానికి క్లోవ్ హిచ్. మనిషి బరువు మాత్రం దాని మీద పెట్టకూడదని మొదటి రోజే చెప్పెయ్యి. నున్నటి కర్ర మీద అది దొర్లి జారుతుంది.

అల (కళింగపట్నం)

కొమ్మల పని గారూ, బౌలైన్ (బిగిసిపోని ఉచ్చు వేసే ముడి) లేకుండా తాడు పాఠమా? మా పడవల మీద మోకు కట్టాలన్నా, లంగరు వేయాలన్నా అదే. ఎంత బరువు లాగినా తరవాత చేత్తో విప్పుకోవచ్చు. మీ ఫిగర్ ఎయిట్ తడిసి బిగిసిందంటే విప్పడానికి మేకు కావాలి.

నేర్పడం కూడా తేలికే. పాము పుట్టలోంచి పైకి వచ్చింది, చెట్టు వెనక నుంచి చుట్టు తిరిగింది, మళ్ళీ అదే పుట్టలోకి దూరింది. చిన్నపిల్లలు కూడా ఇట్టే పట్టేస్తారు.

కొమ్మల పని (విజయనగరం)

బౌలైన్ మీద నాకూ గౌరవమే. కోసిన కొమ్మని కిందకి దింపడానికి రోజూ అదే వాడతాను, జారే ఉచ్చుగా కట్టి. కానీ పడవని కట్టిన తాడు మీద లాగుడు ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. చెట్టు మీద మనిషి కొమ్మ మీద నిలబడతాడు, తాడు వదులవుతుంది. మళ్ళీ కూర్చుంటాడు, బిగుస్తుంది. కొత్త తాడు బిరుసుగా ఉంటే ఈ వదులు-బిగువుల్లో బౌలైన్ మెల్లగా విప్పుకునే వీలుంది. అందుకే చెట్టెక్కేవాళ్ళు దాని కొసని ముడిలోకే తిరిగి నడిపించి భద్రం చేస్తారు. ఆ అదనపు మెలిక కూడా కొత్తవాళ్ళు నేర్చుకోవాలి, పక్కవాడు చూసి సరిపోల్చాలి. మొదటి నెలలో అంత బరువు పెట్టొద్దంటున్నాను, అంతే.

ఇంకొకటి. పాము కథ గుర్తుంటుంది గానీ పుట్ట ఎటు తిప్పి వేశారో గుర్తుండదు. ఆ వలయం తిరగబడితే కథ అంతా సరిగ్గానే జరుగుతుంది, లాగితే మాత్రం ముడి చేతిలోకి వచ్చేస్తుంది.

అల (కళింగపట్నం)

వదులు సంగతి ఒప్పుకుంటాను. మా దగ్గర కూడా కొస చివర అసలు తాడుకి ఇంకో ముడి వేసే వదులుతారు పెద్దవాళ్ళు. అయితే కొమ్మ దింపే రోజుకి బౌలైన్ నేర్పకుండా ఎవరినీ చెట్టు కిందకి కూడా రానివ్వొద్దు. బరువైన కొమ్మ తాడులోంచి జారితే కింద ఉన్నవాడికే ముప్పు.

తాటివనం (సంతబొమ్మాళి)

మా నాన్న తాటిచెట్లు గీసేవాడు. మోకు, కాళ్ళ బంధం చూస్తూ పెరిగాను. ఇక్కడ అందరూ వీడియోల నుంచి మొదలుపెడుతున్నారు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. గీత పని చేసేవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మా నాన్న చెట్టు మొదట్లో నిలబడి మోకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ళతో తడిమి చూసుకునేవాడు. కళ్ళతో చూసేవాడు కాదు, తడిమేవాడు. పీచు ఎక్కడ మెత్తబడిందో, ఎక్కడ తెగిందో వేళ్ళకే ముందు తెలుస్తుంది. మీ 12 మి.మీ. తాడుకీ అదే పద్ధతి. పైన ఉన్న అల్లిక బాగానే ఉండి లోపలి పోగులు తెగి ఉంటే ఆ చోట తాడు గుల్లగా తగులుతుంది, లేదా వంచితే మిగతా చోట్ల కంటే ఎక్కువ మడత పడుతుంది. పిల్లలకి ముడి కంటే ముందు ఇది నేర్పండి.

కానీ మోకునే ఆధారంగా తీసుకోకండి. మోకు మనిషిని చెట్టుకి ఆనించి ఉంచుతుంది, చేతులకి పని చేసే వీలు ఇస్తుంది. కాలు తప్పితే అది కూడా మనిషితో పాటే కిందకి జారుతుంది. మా వాడలో నడుం పోయి మంచాన పడ్డవాళ్ళు ఉన్నారు. మోకుతో ఎక్కే మనిషికి పై నుంచి ఇంకో తాడు ఉంటే బాగుండేదని నేను ఎప్పుడూ అనుకుంటాను.

రణస్థలం రైతు

మాకు హార్నెస్‌లు అవీ లేవు. బజార్లో నీలం రంగు ప్లాస్టిక్ తాడు దొరుకుతుంది, లావుపాటిది, ఎడ్లబండి కట్టినా తెగదు. దానితో నేర్చుకోవచ్చా?

కొమ్మల పని (విజయనగరం)

నేల మీద ముడులు నేర్చుకోవడానికి శుభ్రంగా వాడుకోండి. మనిషి వేలాడడానికి మాత్రం వద్దండి, ఎంత లావుదైనా సరే. అది పాలీప్రొపిలీన్. దాదాపు 165 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. నైలాన్ అయితే 220 దాకా, పాలిస్టర్ 260 దాకా తట్టుకుంటుంది. తాడు మీద తాడు రాసుకుంటూ దిగేటప్పుడు పుట్టే వేడి తక్కువేమీ కాదు. పైగా ఎండకి పెళుసెక్కుతుంది. మన వైపు ఒక వేసవి బయట పడి ఉన్న తాడుని మెలిపెట్టి చూడండి, పొడిలా రాలుతుంది. నీటి మీద తేలుతుంది కాబట్టి వలలకి మంచిది. ఒక్కో పనికి ఒక్కో తాడు.

ఎడమచేతి వాటం (గజపతినగరం)

నేనూ నేర్చుకుంటున్నాను, మా అన్నయ్య దగ్గర. ఆయన ఎదురుగా కూర్చుని చూపిస్తే నాకు అంతా తిరగబడి కనిపిస్తోంది. దానికి తోడు నాది ఎడమచెయ్యి. బ్లేక్స్ నేను ఎటు చుట్టినా ఆయన తప్పంటున్నారు. నిజంగా తప్పేనా?

స్కౌట్ మాస్టారు (బొబ్బిలి)

తప్పు కాదమ్మా. చుట్లు కుడి నుంచి తిరిగినా ఎడమ నుంచి తిరిగినా బ్లేక్స్ ఒకేలా పట్టుకుంటుంది. అన్ని చుట్లూ ఒకే దిక్కుగా తిరగాలి, కొస వెళ్ళే దారి కూడా దానికి అద్దంలో బొమ్మలా సరిపోవాలి. మీ అన్నయ్యని ఎదురుగా కాకుండా పక్కన, భుజం భుజం ఆనేలా కూర్చోమను. నీ తాడు, ఆయన తాడు ఒకే స్తంభానికి కట్టండి. ఈ ఒక్క మార్పుతో సగం గందరగోళం పోతుంది. అయితే నీ ముడి తనిఖీ చేసేవాళ్ళకి నీది ఎడమచేతి ముడి అని ముందే చెప్పు.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. బడిలో పిల్లలకి చాలా ఏళ్ళుగా ముడులు నేర్పుతున్నాను. ఏ ముడి ముందు అన్నదాని మీద వాదన ఎంతైనా సాగుతుంది. నా మట్టుకు నాకు అది రెండో ప్రశ్న. ముడి కట్టడం వచ్చిన పిల్లలు చాలామంది కనిపిస్తారు. కట్టిన ముడిని చూసి ఇది తప్పు అని చెప్పగలిగేవాళ్ళు తక్కువ. చెట్టు మీద ప్రాణం నిలబెట్టేది ఆ రెండోదే. ఎందుకంటే పైకి వెళ్ళేముందు నీ ముడి నువ్వు చూసుకుంటావు, పక్కవాడు చూస్తాడు. ఇద్దరిలో ఒక్కరికైనా తప్పు కనిపించాలి.

నేను చేసే పద్ధతి చెబుతాను, నచ్చితే వాడుకోండి. ఒక దూలానికి వరసగా ముడులు కట్టి ఉంచుతాను. కొన్ని సరైనవి, కొన్ని నేను కావాలని పాడు చేసినవి. ఒక ఫిగర్ ఎయిట్‌లో ఒక తాడు పక్కదాన్ని దాటి ఉంటుంది. ఇంకోదాని కొస బెత్తెడే ఉంటుంది. ఒక బ్లేక్స్‌లో మూడు చుట్లే ఉంటాయి, మరొకదానికి కొసముడి ఉండదు. ఒక కారాబైనర్ లాక్ తెరిచే ఉంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూసి, తప్పున్నచోట సుద్దముక్కతో గీత గీయాలి. మొదట్లో సగం కూడా పట్టుకోలేరు. వారం గడిచేసరికి వాళ్ళ కళ్ళు మారిపోతాయి. అది చూస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

కట్టేటప్పుడు నాలుగు మాటలు పైకి అనమంటాను: కట్టు, సర్దు, బిగించు, చూడు. చాలామంది కట్టి వదిలేస్తారు. సర్దడం అంటే తాళ్ళు ఒకదాన్నొకటి తొక్కకుండా వరసలో పెట్టడం. బిగించడం అంటే ముడిలోంచి వచ్చే ప్రతి తాడునీ విడివిడిగా లాగడం. సర్దని ముడి బలం తక్కువ. అసలు ఏ ముడి వేసినా ఆ చోట తాడు బలం కొంత తగ్గుతుంది, ఫిగర్ ఎయిట్‌తో సుమారు పావు వంతు పోతుంది. మంచి తాడుకి ఆ తగ్గుదలని తట్టుకునే బలం ఉంటుంది. కాని గజిబిజి ముడి ఎంత తగ్గిస్తుందో ఎవరూ లెక్క చెప్పలేరు.

తరవాత కళ్ళు మూసుకుని కట్టిస్తాను, చేతులు తడిపి కట్టిస్తాను. చెట్టు మీద కళ్ళలోకి చెమట దిగుతుంది, చీమలు కుడతాయి. అలాంటప్పుడు ఆలోచించి కట్టే ముడి పనికిరాదు.

కథలంటే పిల్లలకి ఇష్టం కాబట్టి ముడి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. బ్లేక్స్ లాగే తాడుని పట్టి ఆపే ప్రూసిక్ ముడిని ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారంలోకి తెచ్చాడు. బ్లేక్స్ హిచ్ జేసన్ బ్లేక్ పేరు మీద చెట్ల పని వాళ్ళకి 1994 నుంచి తెలిసింది. దాన్ని అంతకుముందే, 1981లో, హైన్స్ ప్రొహాస్కా అనే మరో ఆస్ట్రియావాడు పర్వత గైడ్ల పత్రికలో చూపించాడు.

ఉద్దానం తోట (కవిటి)

మాస్టారూ, ఆ దూలం పద్ధతి రేపే మొదలుపెడతాను. మీరు ప్రూసిక్ ప్రస్తావన తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. బ్లేక్స్ కంటే అది తేలిక కదా, దానితో మొదలుపెట్టకూడదా?

కొమ్మల పని (విజయనగరం)

కట్టడం తేలికే. కానీ ప్రూసిక్‌కి వేరే సన్న తాడు కావాలి. మీ 12 మి.మీ. మీద అయితే 8 మి.మీ. తాడు, మూడు చుట్లు. ఒకే లావున్న తాడు మీద అదే లావు తాడుతో కడితే సరిగా పట్టదు. పైగా బరువు పడి బిగిసిందంటే వదిలించడం కష్టం. బ్లేక్స్ అయితే పైన వేలు పెట్టి నొక్కితే దిగుతుంది, వదిలితే ఆగుతుంది. కొత్తవాళ్ళకి ఆ తేడా చేతికి తెలియాలి.

నేర్పేటప్పుడు ఎత్తు సంగతి మర్చిపోవద్దు. తాడు కొమ్మ మీదుగా వెళ్ళి కిందకి వస్తుంది. ఒక కొస మనిషికి, రెండో వైపు తాడు మీద బ్లేక్స్. ఇలా రెండు పేటలుగా ఉన్నప్పుడు ఒక్కో పేట మీద బరువు సుమారు సగమే పడుతుంది, అందుకే కుర్రాళ్ళు చేతులతో లాక్కుంటూ ఎక్కగలరు. కానీ పాదాలు నేలకి మోకాలెత్తు దాటకూడదు, ముడి మీద కూర్చోవడం, దిగడం, మళ్ళీ కూర్చోవడం అక్కడే నడవాలి. ఎక్కడం అందరికీ సరదా. దిగడం ముందు రావాలి. వేగంగా జారుతూ దిగితే బ్లేక్స్ ఒకేచోట కాలి తాడు మీద గాజులా మెరిసే గట్టి పొర వస్తుంది. ఆ ముక్కని తరవాత నమ్మకూడదు.

తాడు వేసిన చోటు ఎప్పుడూ నడుం కంటే పైనే ఉండాలి, తాడు వదులుగా వేలాడకూడదు. స్టాటిక్ తాడు దాదాపు సాగదు. దాని మీద ఒక్క మీటరు పడినా ఆ కుదుపంతా వెన్నుకే తగులుతుంది.

సిస్టరమ్మ (టెక్కలి)

నేను నర్సుని. మీరంతా ఎక్కడం, దిగడం రాస్తున్నారు. పైన ఉన్న పిల్లకి తేనెటీగలు కుట్టి స్పృహ తప్పితే ఎవరు దించుతారు? కదలకుండా హార్నెస్‌లో వేలాడితే రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది, కొన్ని నిమిషాల్లోనే ప్రమాదం ముంచుకొస్తుంది. 108 కవిటి దాకా వచ్చేసరికి ఆ నిమిషాలు అయిపోతాయి. కాబట్టి ఒక్కరు ఎక్కుతుంటే రెండోవారు హార్నెస్ వేసుకుని కింద సిద్ధంగా ఉండాలి, రెండో తాడు కొమ్మ మీద ముందే వేసి ఉండాలి. దించడం కూడా పాఠంలో భాగమే అనుకోండి. దించాక చదునుగా పడుకోబెట్టి ఊపిరి చూడండి, 108కి ఫోన్ చేయండి. రెండో తాడు లేని రోజు ఎవరూ ఎక్కొద్దు బాబూ.

తాటివనం (సంతబొమ్మాళి)

సిస్టర్ గారి మాటకి నాదొకటి కలుపుతాను. కరెంటు. కొమ్మల్లోంచి 11 కేవీ లైను పోతున్న చెట్లు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. తీగకి మూడు మీటర్ల లోపు మనిషి గానీ తాడు గానీ కొమ్మ గానీ వెళ్ళే వీలుంటే ఆ చెట్టు మనది కాదు. కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్ళకి 1912కి చెప్పి, లైను ఆపి, వాళ్ళ లైన్‌మన్ వచ్చాకే పని. తడిసిన తాడు కరెంటుని మోస్తుంది.

సోంపేట కొబ్బరి

పక్కన పెట్టమన్నారు గానీ ఉద్దానంలో కొబ్బరి మాట రాకుండా ఎలా? ఈ ముడులు కొబ్బరికి పనికొస్తాయా?

కొమ్మల పని (విజయనగరం)

సూటిగా చెప్పాలంటే ఈ పద్ధతి పనికిరాదు. తాడు వేయడానికి కొమ్మ లేదు, మట్టలకి మనిషిని కట్టకూడదు, ఎండుమట్ట లాగితేనే ఊడొస్తుంది. దానికి కాళ్ళకి తగిలించుకునే యంత్రం ఉంది. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో మొదలుపెట్టిన ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ శిక్షణలో నేర్పేది ఆ యంత్రంతోనే. యంత్రం ఉన్నా సరే, హార్నెస్ నుంచి చెట్టు మాను చుట్టూ బిగిసే ఉచ్చు ఒకటి వేసుకోండి, కాలు తప్పితే అది బిగిసి పట్టుకోవాలి. అది వేరే పాఠం. ఇంకో చర్చ మొదలుపెట్టు, రాస్తాను.

ఉద్దానం తోట (కవిటి)

అందరికీ చాలా థాంక్స్. అయితే ఇలా అనుకుంటున్నాను: ముందు తాడు తడమడం, తరవాత ఫిగర్ ఎయిట్, దూలం మీద తప్పులు పట్టడం, ఆపైన బ్లేక్స్. అందరూ తప్పులు పట్టగలిగాకే హార్నెస్ వేయిస్తాను. సిస్టర్ గారి రెండో తాడు కోసం ఇంకో చందా అడుగుతున్నాం. చివరిగా ఒకటి. సాధన చేయడానికి మా తోటలో జీడిమామిడి ఉంది, కొమ్మలు కిందకే ఉన్నాయి, ఎత్తు భయం ఉండదు. పర్వాలేదా?

కొమ్మల పని (విజయనగరం)

జీడి వద్దు. కొమ్మ చెప్పకుండా విరుగుతుంది. మునగ మాట అసలే ఎత్తొద్దు. దగ్గర్లో ముదురు చింత ఉంటే అదే అన్నిటికంటే మేలు. పచ్చిగా ఉన్న కొమ్మ, మానుకి దగ్గరగా, కనీసం నాలుగంగుళాల మందం ఉన్నదాన్ని ఎంచుకోండి. తాడు నేరుగా బెరడు మీద రాసుకోకుండా తోలు ముక్కో, పాత కాన్వాస్ గొట్టమో తొడగండి, చెట్టుకీ తాడుకీ ఇద్దరికీ మంచిది. తాడు వేశాక మీరు ఇద్దరు పెద్దవాళ్ళు నేల మీద నుంచే ఒకేసారి దాని మీద వేలాడి చూడండి. కొమ్మ టిక్కుమన్నా, ఎక్కువ వంగినా ఇంకోటి చూసుకోండి. ముందురోజు సాయంత్రమే వెళ్ళి చీమల గూళ్ళు, తేనెపట్టు ఉన్నాయేమో కింది నుంచి ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. ఇప్పుడు పిందె మీద ఉంటుంది కాబట్టి చెట్టు యజమానిని కూడా ఒక మాట అడిగి మొదలుపెట్టండి.